పనిపాటలు



సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నేను విద్వాంసుడను కాను. ముప్పది యెనిమిది సంవత్సరములు రైల్వే లెక్కల శాఖలో అంకెలు కూడుచు, తీసివేయుచు గడపి 2006లో ఉద్యోగ విరమణ చేసినవాడను. ఫిడేలు వాయించుట అరువది యేండ్లకు పైబడి నాకున్న అలవాటు. కచేరీ చేయలేదు, చేయవలెనను కోరికయు కలుగలేదు. తెల్లవారుజామున ఇంటిలో, ఎవరైన పిలిచినచో భజనలో, శ్రీరామనవమి పందిరిలో ఒక మూల - ఇంతియే నా సంగీతము. కావున శాస్త్రచర్చ నాశించి వచ్చినవారు మన్నింపవలెను. పల్లెటూర పుట్టి, పాటను వెంటబెట్టుకొని పట్టణములు తిరిగిన యొక ఉద్యోగి ఆలోచనలు మాత్రము మీ ముందుంచెదను.

చిన్ననాడు నేను కమాను చేతబట్టినప్పుడెల్ల మా తాతగారు "పనీ పాటా లేనివాడు" అని గొణిగెడివారు. పాట యున్నది గదా, లేనిది పని మాత్రమే గదా యని నాలో నేను నవ్వుకొనెడివాడను. పెద్దవాడనైన తరువాత ఆ తిట్టు ఎంత చిత్రమైనదో తోచినది. ఊరక తిరుగువానిని తెలుగువారు "పని లేనివాడు" అని సరిపెట్టుకొనరు; పాటను కూడ చేర్చి తిట్టెదరు. ఈ పాట గానము కాదు, పాటుపడుటలోని పాటే యిట్లు మారినదని చెప్పువారు కలరు. వ్యాకరణరీత్యా వారి మాటయే సరియైనది కావచ్చును. కాని మా యూరి పొలములు చూచినవారికి ఆ రెండర్థములకు దూరము కనబడదు. పాటుపడువారే అచట పాట పాడెడివారు.

మాది కృష్ణా డెల్టాలో కాలువ యొడ్డున నున్న చిన్న గ్రామము. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఆ ప్రాంతమునకు వరియే ప్రాణము. ఆ ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బారేజీ వచ్చినది. ఆ యేడే నా చేతికి ఫిడేలు వచ్చినది. కాలువకు నీరు వదలిన పిమ్మట ఊడ్పులు మొదలగును. ఇరువదిమంది, ముప్పదిమంది స్త్రీలు ఒక వరుసగ నిలిచి, నడుములు వంచి, ఎడమచేత నారుకట్ట పట్టి, కుడిచేత నాటుచు వెనుకకు వెనుకకు నడచెదరు. వరుసలో నొకతె పాట ఎత్తుకొనును. తక్కినవారు వంత పాడుదురు. ఆమె చరణము పాడుచున్నంతసేపు తక్కినవారు ఊపిరి తీసికొందురు. వారు వంత పాడుచున్నంతసేపు ఆమె తరువాతి చరణమును జ్ఞప్తికి తెచ్చుకొనును. ఒక్కొకప్పుడు అది జ్ఞప్తికి తెచ్చుకొనుట కాదు, అప్పటికప్పుడు కల్పించుటయే. గట్టుమీద గొడుగు వేసికొని నిలిచిన ఆసామి పిసినారితనము పాటలోనికి వచ్చుట నేను స్వయముగ విన్నాను. ఆసామి వినబడనట్లు ఆకాశమువైపు చూచెడివాడు. ఆ మాటనే మాటగా అనినచో మరునాడు కూలి పోవును. పాటగా అనినందున నవ్వులతో సరిపోయినది. పాటకు ఇట్టి ప్రయోజనము కూడ కలదని సంగీత గ్రంథములలో నేను చదువలేదు.

తాళము నేను నేర్చుకొన్నది గురువువద్ద కాదు, మా యింటి వెనుక వసారాలో. మా అమ్మయు, ఇరుగింటి ఆమెయు ఒకే రోటిలో రెండు రోకళ్లు వేసి ధాన్యము దంచెడివారు. ఒకరి రోకలి పడునప్పుడు వేరొకరిది లేచును. సువ్వి పాట ఆ రెండింటి నడుమ కాలమును కొలిచి పెట్టును. సంగీత సభలో తాళము తప్పినచో ముందు వరుసలోని పెద్దలు కనుబొమలు ముడిచెదరు, అంతే. రోటివద్ద తప్పినచో రోకళ్లు రెండును తగులుకొని చేతులు జలదరించును. ఆ భయముతో నేర్చిన లయ ఊరక పోవునా? తరువాత మా బడిపంతులుగారు నాకు సరళి, జంట వరుసలు చెప్పినప్పుడు తొడమీద చేయి వేయు లెక్క నాకు కొత్తగ తోచలేదు.

మా మేనత్తను కడప జిల్లాలో ఇచ్చిరి. వేసవి సెలవులలో అచటికి పోయినప్పుడు వేరొక లోకము కనబడినది. మాకు నీరు కాలువలో నడచి వచ్చును. వారికి బావిలోనుండి తోడితే వచ్చును. రెండెడ్లను కపిలకు కట్టి ఒక్క మనిషి తోలెడివాడు. ఎడ్లు వాలుదారిని దిగుచుండగా బాన పైకి వచ్చును. తోలు తొండము విడిపోయి నీరు కాలువలో పడును. ఎడ్లు మరల వెనుకకు అడుగులు వేసికొనుచు గట్టెక్కును, బాన బావిలోనికి దిగును. ఇట్లు వేకువజామునుండి ప్రొద్దెక్కువరకు. తోలువాడు పాడెడివాడు. ఎడ్లు దిగునప్పుడు మాటలు వడివడిగ నడచును. బాన గట్టును చేరు సమయమునకు ఒక దీర్ఘము తీసి నీరు పడిపోవువరకు నిలుపును. ఆ దీర్ఘము ముగియగానే, కొరడా ఎత్తకుండగనే, ఎడ్లు వెనుకకు మరలును. పాటలోని విరామము ఎడ్లకు తెలియును! అచట వంత పాడువారు లేరు. బావి గిలక కీచుమని తానే వంత పలుకును.

ఆనాటి ఆ జిల్లాలోనిదే తాళ్లపాక. అచట పుట్టిన అన్నమాచార్యులు (1408-1503) పాడిన సంకీర్తనములు తిరుమల దేవాలయములో రాగిరేకులపై నిలిచి, ఇరువదవ శతాబ్దమున అచ్చై లోకమునకు తెలిసినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వాని కొరకు పడిన శ్రమ మరువరానిది. ఆ సంకీర్తనములలో సువ్వి, లాలి, జోల, గొబ్బి, జాజర మున్నగు పేర్లు కనబడినప్పుడు నాకు కలిగిన సంతోషము చెప్పలేను. అవి మా వసారాలోని పేర్లు, మా సంక్రాంతి ముంగిళ్లలోని పేర్లు. అంతటి వాగ్గేయకారుడు వేంకటేశ్వరునివద్దకు పోవుచు దారిలో రోలును, ఉయ్యాలను విడిచి పోలేదు. త్యాగరాజస్వామి (1767-1847) కూడ తన ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో దేవునికి లాలి పాడినారు, ఉయ్యాల ఊపినారు. వారు రాజాశ్రయము కోరక ఉంఛవృత్తితో జీవించినవారు. జీతమునకు పాడినవారు కారు. ఆ లెక్కన మనవంటి జీతములేని గాయకులకు వారే కులపతి యని నేను హాస్యమునకు అనుచుందును. మా పోలిక అంతటితో సరి.

ఇచట ఒక సంగతి. ఫిడేలుపై చేయి కొంత ఆడిన తరువాత మా అమ్మ పాటలను తీగలపై వెదకుట నాకొక వ్యసనమైనది. అవి చాలవరకు తారషడ్జమును ముట్టుకొనవు. శాస్త్రమునందును ఇట్టి రాగములు కలవు. పున్నాగవరాళి, నాదనామక్రియ - ఇవి నిషాదాంత్యములు. నిషాదముతో ఆగి క్రిందికి దిగును. కురంజి ధైవతముతో, నవరోజు పంచమముతోనే ఆగును. జోలలకు, స్త్రీల పాటలకు ఈ రాగములు పేరుపొందినవి. ఇవి పైస్థాయికి ఏల పోవు? గ్రంథములు లక్షణము చెప్పును, కారణము చెప్పవు. నాకు తోచిన కారణమిది: నడుము వంచి నాటుచున్న మనిషికి, బిడ్డను భుజమున వేసికొని తిరుగుచున్న తల్లికి ఊపిరిలో సగము పనికే పోవును. మిగిలిన సగముతో పాడవలెను. కావున స్వరము ఇంటి ముంగిటనే తిరుగును, మేడ యెక్కదు. విద్వాంసులు దీనిని ఒప్పుకొందురో లేదో యెరుగను. నేను మాత్రము పున్నాగవరాళి వాయించునప్పుడెల్ల కుర్చీలో వెనుకకు వ్రాలి కూర్చుండలేను. కొంచెము ముందుకు వంగెదను.

మా గ్రామమున నిజమైన విద్వాంసుడు ఒకడు కలడు. సన్నాయి వాయించెడివాడు. దేవుని కల్యాణమునాడు రాత్రి ఊరేగింపులో తోడిరాగము ఎత్తుకొన్నచో వీధి వీధి దాటిపోయినను రాగము పూర్తికాకుండెడిది. మా పంతులుగారికి సంగతులలో సందేహము వచ్చినప్పుడు చీకటిపడిన తరువాత కాలువగట్టుమీదికి పోయి ఆయనను అడిగి వచ్చెడివారు. పగలు అడుగుటకు అభిమానము అడ్డు. పెండ్లిండ్లలో ఆయన వాయించుచోటు పందిరి వెలుపల. భోజనము అందరి తరువాత. ఆయన పాటతో ముహూర్తము నిలిచెడిది, ఆయన మాత్రము అరుగు ఎక్కకూడదు. పల్లెటూరిని తలచుకొని కన్నీరు పెట్టుకొను అలవాటు మన సభలలో ఎక్కువ. ఆ కన్నీటికి ముందు ఈ సంగతియు ఒకసారి తలపవలెను. కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వరముతో దేశమంతట గౌరవము పొంది, శ్రీరంగమున స్థిరపడి, 1999లో కన్నుమూసినారు. వారిది తరతరములుగ దేవాలయములలో వాయించిన ముస్లిము వంశము. అట్టి గౌరవము మా యూరి సన్నాయికి దొరకలేదు. కాలువగట్టుమీద చీకటిలో వినిపించిన ఆ సంగతులే మా పంతులుగారి ద్వారా నాకు చేరినవి. వానికి మూలము ఎవరో ఇంతమందిలో చెప్పు అవకాశము ఇప్పుడు కలిగినది.

ధనుర్మాసపు భజనలను, రామాలయములో హార్మోనియముతో సాగిన పద్యములను మీలో పెద్దలు ఎరుగుదురు, వివరింపను. తిరుపతి వేంకటకవుల రాయబార పద్యములు రాని రైతు మా ప్రాంతమున అరుదు. ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును బహిష్కరించి, 1971వరకు లోనికి రానీయలేదు. మా రామాలయమునకు ఆ వార్త చేరలేదు! 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము మొదలైన తరువాత పంచాయితీ రేడియో మా రావిచెట్టు క్రిందికి వచ్చినది. ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు నేను మొదట విన్నది ఆ చెట్టు క్రిందనే. పాలు పితికి వచ్చినవారు, కావడి దింపినవారు నిలిచి వినెడివారు. రేడియోను నేను నిందింపలేను. అది లేనిచో నేను లేను. అయినను ఒక మార్పు వచ్చినది. అంతవరకు మా యూర పాట యనగా ఎవరో ఒకరు పాడుట, తక్కినవారు అందుకొనుట. రావిచెట్టు క్రింద మొదటిసారిగ ఊరంతయు నోరు కదపక కూర్చున్నది.

తరువాత కథ త్వరగ నడచినది. బియ్యపు మర వచ్చినది, రోలు మూలబడినది. బావులకు కరెంటు మోటారులు వచ్చినవి, కపిల పోయినది. ఇప్పుడు ఊడ్పులకును యంత్రములు వచ్చుచున్నవి. ఇందుకు నేను విచారింపను. మా అమ్మ అరచేతులు నాకు జ్ఞాపకమున్నవి. అవి కాయలు కాచి గరుకుగ నుండెడివి. సువ్వి పాట మధురమే కాని రోకలి మధురము కాదు. దినమంతయు బురదలో వంగినవారి నడుముల నొప్పి ఏ పాటతోను తీరలేదు. పాట కొరకు ఆ కష్టము మరల రావలెనని కోరుట మనవంటి జీతగాండ్రకు తగదు. పాటలను సేకరించి గ్రంథస్థము చేసిన బిరుదురాజు రామరాజుగారు, నేదునూరి గంగాధరముగారు మున్నగువారు మనకు చేసిన మేలు చాల గొప్పది. కాని పుస్తకములో పాటకు మాటలుండును. వంత పాడువారి ఊపిరి ఉండదు.

ఇక ఉద్యోగపు సంగతి. నాకు మొదట బదిలీ యైనది ఖరగ్‌పూరునకు. బెంగాలు నాగపూరు రైల్వే కాలమునుండి తెలుగువారు కాపురములు పెట్టిన ఊరు అది. నా క్వార్టరు ప్రక్కన ఒక బెంగాలీ గార్డు కాపురముండెడివాడు. గోడ పలుచన. నేను తెల్లవారుజామున మాయామాళవగౌళలో సరళులు మొదలు పెట్టెడివాడను. నెల తిరుగకముందే ఆయన తలుపు తట్టినాడు. ఆక్షేపించుటకు వచ్చినాడనుకొంటిని. మరునాడు తనకు డ్యూటీ అరగంట ముందున్నదనియు, నేను కూడ అరగంట ముందు మొదలు పెట్టుదునా యనియు అడుగుటకు వచ్చినాడు! అది మొదలు నాలుగేండ్లు ఆయన బండి వేళ ముందునాడు చెప్పి పోవును. నేను ఆ వేళకు కమాను ఎత్తుదును. జీవితములో నా సంగీతము ఇతరుల పనికి తోడైనది ఆ నాలుగేండ్లే. కచేరీ చేసినవారికి ఇంతకంటె ఎక్కువ తృప్తి కలుగునని నేననుకొనను.

ఢిల్లీకి వచ్చిన తరువాత సభలు పెరిగినవి, పాట తగ్గినది. ఇది మన యందరి అనుభవమే. త్యాగరాజ ఆరాధన చేయుదుము. పంచరత్నములు పాడువారు వేదికపై ఇరువదిమంది, క్రింద వినువారు రెండువందలమంది. పిల్లలకు సంగీతము చెప్పించుదుము. వారు పోటీలలో బహుమతులు తెచ్చుదురు. ఇంటిలో అన్నము వడ్డించుకొనునప్పుడు ఒక్క కూనిరాగము వినబడదు. మన తెలంగాణ సోదరీమణుల బతుకమ్మ మాత్రము వేరు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్ర పండుగగ ప్రకటించినది. ఢిల్లీలో చూచినను, ఇతర దేశములలో చూచినను అది చెక్కుచెదరలేదు. కారణము స్పష్టము: వలయములో నిలిచినవారందరు చప్పట్లు చరచి, అడుగువేసి, ఉయ్యాల యని అందుకొనవలెను. అది ఎన్నడును వినుటకు మాత్రమే యైన పాట కాలేదు.

ఈ మాటలన్నియు చెప్పుటకు నన్ను పురికొల్పినది గత ఉగాదినాడు మన సభ్యులలో ఒకరి యింట జరిగిన సంగతి. వారి తల్లిగారు శ్రీకాకుళము జిల్లాలోని పల్లెనుండి వచ్చియుండిరి. వయస్సు ఎనుబదికి పైబడినది. ఊడ్పుల పాట పాడుమని అందరును బలవంతపెట్టిరి. ఆమె సిగ్గుపడి, కొంగు సర్దుకొని, ఎత్తుకొన్నది. గొంతు వణకినను శ్రుతి వణకలేదు. వెంటనే గదిలోని సెల్‌ఫోనులన్నియు పైకి లేచినవి. అందరును నిశ్శబ్దముగ, శ్రద్ధతో, చేయి కదలకుండ వీడియో తీయుచున్నారు. మొదటి చరణము ముగించి ఆమె ఆగినది. రెండవ చరణము పాడి మరల ఆగినది. చుట్టును చూచి, "వంతేదమ్మా? ఒక్కదాన్నే పాడితే అదేం పాట?" అన్నది. ఎవరికిని ఏమి చేయవలెనో తోచలేదు. ఒకరు చప్పట్లు కొట్టిరి, తక్కినవారును కొట్టిరి. పాట ముగిసినదనుకొని ఆమె మంచినీళ్లు అడిగినది.

ఆ వీడియో నాకును పంపినారు. అందులో రెండు చరణములు, ఆమె ప్రశ్న, మన చప్పట్లు ఉన్నవి. ఆ పాటకు ఇంక పదునాలుగు చరణములు కలవని ఆమె తరువాత నాతో చెప్పినది. చరణమును చరణము లాగుకొని వచ్చునట. వంత లేనిదే మూడవది నోటికి రాదట. ఆమెకు మతిమరుపు లేదు. ఆ పాట సగము ఆమెవద్దను, సగము ఎదుటివారివద్దను ఉండునట్లు కట్టబడినది. మన సగము మనము పోగొట్టుకొంటిమి.

కార్యవర్గమువారికి నా విన్నపము ఇది. ఆమె వచ్చు ఉగాదికి మరల ఢిల్లీకి వచ్చునని కుమారులు చెప్పినారు. ఈ సమాజములో పల్లెటూరి పాటలు వచ్చిన తల్లులు, అత్తలు, నాయనమ్మలు ఇంకను ఉన్నారు; మన ఇండ్లలోనే, వంటగదులలో, బాల్కనీలలో ఉన్నారు. నెలకొక ఆదివారము సాయంకాలము ఎవరి యింటనైన చాపలు పరచి కూర్చుందము. వేదిక వద్దు, మైకు వద్దు, కాఫీ కూడ తరువాతనే. ఆమె మొదట వంత నేర్పును. శ్రీకాకుళపు వంత రెండే మాటలు, పది నిముషములలో వచ్చును. పిల్లలకు మనకంటె త్వరగ వచ్చును. రికార్డు చేయదలచినవారు మూడవసారి పాడునప్పుడు చేయవచ్చును. అప్పటికి చేతికి ఫోను ఉన్నను నోటికి వంత ఉండును. నేను ఫిడేలు తెచ్చెదను, శ్రుతికి మాత్రమే. మొదటి ఆదివారము మా యింట. చాపలు మావద్ద నాలుగు కలవు. తక్కినవి మీరు తేవలెను.